డబుల్ డెక్కర్ కరెంటు లోకల్ ట్రైన్లు: కొన్ని దేశాల్లో ఇంత బాగా నడుస్తుంటే కొన్నిచోట్ల ఎందుకు వదిలేశారు?

కిటికీసీటు

ఒక సందేహం చాలా రోజులుగా బుర్రలో తిరుగుతోంది, తెలిసినవాళ్లు చెప్తారని ఇక్కడ పెడుతున్నా.

రోజూ ఆఫీసులకీ కాలేజీలకీ జనాన్ని మోసే డబుల్ డెక్కర్ కరెంటు ట్రైన్ల గురించి నా ప్రశ్న. ముందు విడిగా ఇంజిన్ తగిలించి లాగే రకం కాదు, మోటార్లు పెట్టెల్లోనే ఉండే ఈఎంయూలు. సిడ్నీలో వీటి కథ 1960ల్లోనే మొదలైంది. పారిస్, జ్యూరిక్, మిలాన్, ప్రాగ్, ఇంకా నెదర్లాండ్స్ అంతటా ఉన్నాయి. మొరాకోలో కాసాబ్లాంకా, రబాత్ మధ్య కూడా ఇలాంటివే తిరుగుతాయి. 2024 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హోసే మధ్య కాల్‌ట్రెయిన్ వాళ్లు డీజిల్ బళ్లు తీసేసి ఇవే పెట్టారు. ఇంతవరకు చూస్తే ప్రపంచం మొత్తం వీటివైపే పోతున్నట్టు అనిపిస్తుంది కదా.

కానీ లండన్‌లో 1949లోనే ట్రై చేసి రెండు ట్రైన్లతో ఆపేశారు, అవి కూడా 1971లో పోయాయి. టోక్యోలో అంత రద్దీ ఉన్నా మామూలు లోకల్ ట్రైన్ మొత్తం డబుల్ డెక్ ఉండదు, మధ్యలో రెండు పెట్టెలు మాత్రం ఉంటాయి, వాటికి అదనపు టికెట్. మెల్‌బోర్న్‌లో 1990ల్లో ఒకే ఒక్క ట్రైన్ నడిపి చూసి వదిలేశారు. అన్నిటికన్నా నాకు అస్సలు అర్థం కానిది సిడ్నీనే. యాభై ఏళ్లకు పైగా డబుల్ డెక్కర్లు నడిపినవాళ్లు 2019లో కొత్త లైన్ తెరిచి అందులో సింగిల్ డెక్ మెట్రో పెట్టారు!

నా లెక్క చాలా సింపుల్. అదే ప్లాట్‌ఫాం, అదే పట్టా, రెండు అంతస్తులు, అంటే రెట్టింపు జనం. ఈ లెక్కలో ఎక్కడో తప్పుందని తెలుస్తోంది, ఎక్కడో తెలియట్లేదు. రోజూ వాటిలో తిరిగేవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి, ప్లీజ్.

---

నీలిపట్టాలు

నేను సిడ్నీలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, రోజూ ఇందులోనే ఆఫీసుకి వెళ్లొస్తాను, కాబట్టి సిడ్నీ సంగతి నేను చెప్తాను.

మీ లెక్కలో తప్పు "రెట్టింపు" దగ్గరే ఉందండి. రెండో అంతస్తు పెట్టెలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండదు. రెండు చివర్లా చక్రాలుంటాయి, వాటి పైన నేల దించడానికి కుదరదు, అక్కడ ఒకే అంతస్తు. తలుపులు కూడా అక్కడే. ఆ రెండు చివర్ల మధ్య ఉన్న భాగాన్ని మాత్రమే కిందికి తవ్వినట్టు చేసి పైనొకటి, కిందొకటి పెడతారు. పైగా మెట్లు తినేసే జాగా ఉంది. ఇవన్నీ పోగా మిగిలే లాభం మూడో వంతు నుంచి సగం దాకా. అది కూడా తక్కువేం కాదు, కానీ రెట్టింపు మాత్రం కాదు.

అసలు సమస్య తలుపు దగ్గర మొదలవుతుంది. ఒక పెట్టెకి ఒక పక్క రెండే తలుపులు. ఎక్కగానే మీరు నిలబడేది చక్రాల మీదున్న ఆ చిన్న హాలులో, ఎదురుగా పైకి కొన్ని మెట్లు, కిందికి కొన్ని మెట్లు. రెండు స్టేషన్ల తర్వాత దిగిపోయేవాళ్లు పైకీ ఎక్కరు, కిందికీ దిగరు, ఆ హాలులోనే స్తంభం పట్టుకుని నిలబడిపోతారు. దాంతో తలుపు దగ్గర ఊపిరాడనంత జనం, పైన మాత్రం మూడు నాలుగు సీట్లు ఖాళీ. టౌన్ హాల్ స్టేషన్ వస్తోందంటే పై నుంచి ఒక వరస, కింది నుంచి ఒక వరస లేచి మెట్ల మీద నిలబడతాయి, రెండూ వచ్చి కలిసేది అదే హాలులో, బయటికి పోయేది అదే తలుపులోంచి. అందరూ దిగేదాకా ప్లాట్‌ఫాం మీదున్నవాళ్లు ఎక్కలేరు. ఇదంతా ఎవరి తప్పూ కాదు, మెట్లున్న చోట జనం కదిలే తీరే అంత.

ఇలా ఒక్కో పెద్ద స్టేషన్‌లో హాల్ట్ కొన్ని సెకన్లు పెరుగుతుంది. ఒక బండికి అయితే ఏం కాదు. కానీ వెనక మూడు నిమిషాల దూరంలో ఇంకోటి వస్తుంటుంది, దాని వెనక ఇంకోటి. ముందున్నది కదిలితేగానీ వెనకది స్టేషన్‌లోకి రాలేదు. అందుకే ఇక్కడ ఒక ట్రాక్ మీద గంటకు 20 ట్రైన్లు అనేదే నమ్మకంగా నడపగలిగే హద్దు అనుకుంటారు. 2012లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం వేసిన రైలు ప్రణాళికలో లెక్క ఇదే: డబుల్ డెక్కర్ లైన్ మీద గంటకు 24,000 మంది, మెట్రో అయితే 40,000 లక్ష్యం. మెట్రోలో ఒక పెట్టెకి పక్కకి మూడు తలుపులు, మెట్లు లేవు, రెండు నిమిషాలకొకటి పంపొచ్చు. 2019 మే నెలలో టల్లావాంగ్, చాట్స్‌వుడ్ మధ్య తెరిచారు, 2024 ఆగస్టులో సిటీ కిందుగా సిడెన్‌హామ్ దాకా పొడిగించారు.

ఇందులో ఒక విషయం చాలామందికి తెలియదు. ఎపింగ్, చాట్స్‌వుడ్ మధ్య సొరంగం 2009లో తెరిచినప్పుడు అందులో నడిచినవి డబుల్ డెక్కర్లే. 2018లో మూసి, మెట్రోకి మార్చారు. దానికి కలిసే కొత్త వాయువ్య సొరంగాలనైతే డబుల్ డెక్కర్ పట్టని సైజులోనే తవ్వారు. అప్పట్లో దానిమీద పెద్ద గొడవే జరిగింది, ఎందుకంటే రేపెప్పుడైనా మనసు మార్చుకున్నా వెనక్కి వెళ్లడానికి దారి లేదు.

అలాగని సిడ్నీ వీటిని వదిలేసిందనుకోకండి. 1964లో మోటార్ లేని డబుల్ డెక్ పెట్టెలు వచ్చాయి, వాటిని మామూలు సింగిల్ డెక్ మోటార్ పెట్టెల మధ్య కలిపి నడిపారు. 1968లో మోటార్ పెట్టెలు కూడా డబుల్ డెక్ చేసి చూశారు, మొత్తం రెండంతస్తులుగా ఉన్న మొదటి ఈఎంయూ ప్రపంచంలో అదే. తర్వాత 1988లో టంగారా, 2011లో వారాటా అనే డబుల్ డెక్ ట్రైన్లు వచ్చాయి. ఇప్పటికీ పాత లైన్లన్నిటి మీదా ఇవే. న్యూకాసిల్ వైపు దూరం వెళ్లే రూట్లో 2024 డిసెంబర్‌లో కొత్తగా దించిన మారియుంగ్ ట్రైన్లు కూడా డబుల్ డెక్కరే.

---

కొలతబద్ద

నీలిపట్టాలు గారు తలుపు గురించి చెప్పారు, నేను ఎత్తు గురించి చెప్తాను, లండన్ ప్రశ్నకి జవాబు అక్కడుంది.

పట్టాల మధ్య వెడల్పుని గేజ్ అంటాం, అది కాదు ఇక్కడ విషయం. ఒక ట్రైన్ చుట్టూ, దాటకూడని ఒక ఊహా గీత ఉంటుంది, దాని లోపల ఉంటేనే సొరంగాలకీ బ్రిడ్జిలకీ ప్లాట్‌ఫాం అంచులకీ తగలకుండా పోతుంది. దీన్నే లోడింగ్ గేజ్ అంటారు. బ్రిటన్ రైల్వేలు అందరికన్నా ముందు కట్టుకున్నారు, అప్పటి చిన్న బళ్లకి సరిపడా కట్టుకున్నారు, అందుకే అక్కడ పట్టా మీద నుంచి పైకప్పు దాకా దొరికేది సుమారు 3.9 మీటర్లు. స్టాడ్లర్ కంపెనీ కిస్ అనే డబుల్ డెక్కర్ ఎత్తు దాదాపు 4.6 మీటర్లు. పారిస్ ట్రైన్లు 4.3 మీటర్లలో సర్దేశారు. ఒక్కో అంతస్తులో మనిషి తల తగలకుండా నడవడానికి రెండు మీటర్లకు దగ్గరగా కావాలి కదా, రెండు అంతస్తులకి నాలుగు, పైన కప్పు మందం, మధ్యలో నేల మందం, కింద పట్టాకీ నేలకీ మధ్య ఖాళీ. 3.9లో ఇది పట్టదు, ఎంత తెలివైనవాడైనా పట్టించలేడు.

అయినా ఆలివర్ బుల్లీడ్ అనే ఇంజినీర్ పట్టించాడు, ఆ డిజైన్ చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రెండు పూర్తి అంతస్తులు పెట్టలేదు. కింద కూర్చున్నవాళ్ల తలల పైన వృథాగా పోయే జాగా ఉంటుందే, పై గది మనుషుల కాళ్లు అక్కడికి వచ్చేలా, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు, పై గదుల్నీ కింది గదుల్నీ అల్లేశాడు. ఎనిమిది పెట్టెల ట్రైన్‌లో మామూలుగా 772 సీట్లుంటే ఇందులో మడత సీట్లతో కలిపి 1,104. అంటే 40 శాతం పైచిలుకు. చేరింగ్ క్రాస్, డార్ట్‌ఫర్డ్ మధ్య నడిపారు.

దెబ్బ ఎక్కడ పడిందంటే, పై గదిలోకి వెళ్లాలంటే కింది గదిలోంచే చిన్న మెట్లెక్కాలి, అంటే రెండు గదుల జనానికి ఒకటే తలుపు. హాల్ట్ బాగా పెరిగిపోయింది. పై కిటికీలు తెరిస్తే సొరంగం గోడకి ఎవరి చెయ్యో తలో తగిలే ప్రమాదం, అందుకని తెరవకుండా బిగించి ఫ్యాన్లతో గాలి పంపారు, అది చాలక ఉక్కపోత. చివరికి ప్లాట్‌ఫాంలు పొడిగించి ఎనిమిది పెట్టెల్ని పది చేయడమే మేలని తేల్చారు. లండన్‌లో అది కుదిరింది. ఊరి మధ్య భూమి కింద స్టేషన్ ఉంటే ప్లాట్‌ఫాం పొడిగించాలంటే కొండని తొలిచినంత పని, అలాంటి చోటే డబుల్ డెక్కర్ మీదికి మనసు పోతుంది.

ఇంకో విషయం, ఇది ఎవరూ పెద్దగా మాట్లాడరు. మామూలు ఈఎంయూలో ట్రాన్స్‌ఫార్మర్, కన్వర్టర్, కంప్రెసర్, బ్రేక్ సామాను అంతా నేల కింద వేలాడుతుంది. డబుల్ డెక్కర్‌లో ఆ జాగాలోకి కింది అంతస్తు దిగిపోయింది! మరి సామాను ఎక్కడ పెడతారు? కొంత చక్రాల పైనున్న కప్పు మీద, కొంత డ్రైవర్ క్యాబిన్ వెనక గదుల్లో. దానికి కూడా సీట్లే పోతాయి. సీమెన్స్ వాళ్ల డెసిరో హెచ్‌సీలో దీన్ని చక్కగా తేల్చేశారు. రెండు చివర్ల పెట్టెలు సింగిల్ డెక్, మోటార్లూ బరువైన సామానూ అన్నీ వాటిలోనే. మధ్య పెట్టెలు డబుల్ డెక్, మోటార్లు లేవు, మొత్తం జనానికే. జర్మనీలో రైన్-రూర్ ఎక్స్‌ప్రెస్‌గా 2018 డిసెంబర్ నుంచి నడుస్తున్నాయి. ఫ్రాన్స్‌లో రెజియో 2ఎన్ అనే ట్రైన్ ఇంకో దారి పట్టింది, ఒకటి సింగిల్, ఒకటి డబుల్, మళ్లీ సింగిల్, ఇలా వరసగా. సింగిల్ డెక్ పెట్టెకి వెడల్పాటి తలుపులు పెట్టి, ఎక్కడం దిగడం అక్కడ, కూర్చోవడం పక్క పెట్టెలో.

---

కిటికీసీటు

ఇద్దరికీ చాలా థాంక్స్. బుల్లీడ్ డిజైన్ మాత్రం ఊహించలేదు, వేళ్లు అల్లినట్టు అనగానే బొమ్మ కళ్ల ముందుకొచ్చింది.

కానీ ఇప్పుడు ఇంకో డౌట్ వచ్చింది. మెట్ల వల్ల హాల్ట్ పెరిగి గంటకు 20 ట్రైన్లే హద్దు అయితే పారిస్‌లో సిటీ కింద నుంచి శివార్లకి వెళ్లే ఆర్‌ఈఆర్ లోకల్ ట్రైన్లున్నాయి కదా, వాటిలో ఎ లైన్ సంగతేంటి? రోజుకి పది లక్షల మందికి పైగా ఎక్కే లైన్ అది, అక్కడ రెండు నిమిషాలకొకటి వస్తుందంటారు. అదెలా నడుస్తోంది?

---

ఆరోప్లాట్‌ఫాం

పారిస్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను, ఆ నాలుగేళ్లూ ఆర్‌ఈఆర్ ఎ లోనే.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, సీట్లు తగ్గించుకుని తలుపులు కొనుక్కున్నారు. 1997లో అక్కడ నడవడం మొదలైన ఎంఐ 2ఎన్ ట్రైన్‌కి ఒక్కో పెట్టెకి ఒక పక్క మూడు తలుపులు, ఒక్కోటి రెండు మీటర్ల వెడల్పు. ముగ్గురు పక్కపక్కనే ఎక్కొచ్చు. 2011 నుంచి వచ్చిన ఎంఐ 09 కూడా అదే పద్ధతి. 2017 నుంచి ఆ లైన్‌లో సింగిల్ డెక్ అనేదే లేదు. పది పెట్టెల ట్రైన్‌లో 2,600 మంది పడతారు, చాలామంది నిలబడే వెళ్తారు. సిడ్నీ బండిలో సీటు ప్రధానం, ఇక్కడ తలుపు ప్రధానం, రెండూ డబుల్ డెక్కర్లే గానీ రెండు వేరు జాతులు అనుకోండి.

రెండో కారణం స్టేషన్ల దూరం. లా దెఫాన్స్ తర్వాత ఎత్వాల్, ఓబేర్, షాత్లే, గార్ ద లియోన్, నాసియోన్, అంతే, మొత్తం సిటీ కింద ఐదు చోట్ల ఆగుతుంది. అదే ఊళ్లో మామూలు మెట్రో అర కిలోమీటరుకి ఒకసారి ఆగుతుంది, అందులో డబుల్ డెక్కర్ పెట్టాలని ఎవరూ అనుకోరు. ఆగేది తక్కువసార్లు అయితే ప్రతిసారీ కొంచెం ఎక్కువ సేపు ఆగినా తట్టుకోవచ్చు. మూడోది సిగ్నలింగ్, 1989లోనే సాసెం అనే సిస్టమ్ పెట్టి ట్రైన్ల మధ్య దూరం తగ్గించారు, 2018లో సిటీ భాగంలో ఆటోమేటిక్ డ్రైవింగ్ కూడా వచ్చింది.

షాత్లేలో పొద్దున్న ఎనిమిదిన్నరకి చూడాలి. ట్రైన్ ఆగకముందే పై అంతస్తువాళ్లు మెట్ల మీద, చేతిలో బ్యాగు ముందుకి పట్టుకుని నిలబడి ఉంటారు, ప్లాట్‌ఫాం మీద జనం తలుపుకి రెండు పక్కలా చీలి మధ్యలో దారి వదులుతారు, ఒక్కరు కూడా మధ్యలో ఉండరు. కొత్తగా చేరినప్పుడు ఒకసారి నేను మధ్యలో నిలబడ్డాను, వెనకాల పెద్దాయన మెల్లగా భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. ఆ అలవాటు లేకపోతే రెండు మీటర్ల తలుపైనా లాభం లేదు.

ఆర్‌ఈఆర్ ఇ లైన్‌లో 2023 చివర్లో దించిన కొత్త ట్రైన్లు కూడా కొలతబద్ద గారు చెప్పిన దారిలోనే ఉన్నాయి, చివర్లు సింగిల్ డెక్, మధ్యలో డబుల్.

జపాన్ గురించి కూడా అడిగారుగా. అక్కడ మొత్తం డబుల్ డెక్ ఈఎంయూ చేశారండి, 215 సిరీస్, 1992లో. చివరి పెట్టెలు తప్ప అన్నీ రెండంతస్తులు, పెట్టెకి రెండు తలుపులు. టోకైడో లైన్ మీద పగటిపూట రాపిడ్ సర్వీసుగా నడిపితే ఎక్కడం దిగడం ఆలస్యమై టైమింగ్ దెబ్బతింది, 2001లో ఆ డ్యూటీ నుంచి తీసేశారు. ఉదయం సాయంత్రం అందరూ కూర్చుని వెళ్లే లైనర్ ట్రైన్లుగా మాత్రం 2021 దాకా బతికాయి. ట్రైన్ అదే, పనే మారింది. చూవో లైన్‌లో 2025 మార్చి నుంచి పది పెట్టెల ట్రైన్‌కి రెండు డబుల్ డెక్ గ్రీన్ కార్లు, అంటే మీరు చెప్పిన ఆ అదనపు టికెట్ పెట్టెలు, కలిపి పన్నెండు చేశారు. పాత గ్రీన్ కార్ల తలుపులు ఇరుకు, వీటికి మాత్రం 1.3 మీటర్ల రెండు రెక్కల తలుపులు పెట్టారు, ఎందుకంటే చూవో లైన్‌లో హాల్ట్ పెరిగితే లైన్ మొత్తం ఆగిపోతుంది. జీతాలు మొదలుపెట్టే ముందు ట్రయినింగ్ ఇచ్చినట్టు, డబ్బు వసూలు చేయడానికి ముందు 2024 అక్టోబర్ నుంచి కొన్ని నెలలు ఊరికే ఎక్కనిచ్చి జనానికి అలవాటు చేశారు.

---

తెల్లవారుబండి

అందరూ గంటకి ఎంతమంది అని లెక్కేస్తున్నారు, నాకు ఆ లెక్క మీదే అభ్యంతరం.

నేను జ్యూరిక్ బయట నుంచి రోజూ నలభై నిమిషాలు ప్రయాణం చేసేదాన్ని. ఆ నలభై నిమిషాలు కూర్చుని వెళ్లడం, నిలబడి వెళ్లడం ఒకటి కాదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని అడగండి, కడుపుతో ఉన్నవాళ్లని అడగండి. నీలిపట్టాలు గారు చెప్పిన 24,000, 40,000 లెక్కలో నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. సీట్లు మాత్రమే లెక్కేసి చూడండి. సిడ్నీ మెట్రోలో ఆరు పెట్టెల ట్రైన్‌లో 378 సీట్లు, గంటకు 30 ట్రైన్లు వేసినా 11,340 సీట్లు. ఎనిమిది పెట్టెల వారాటాలో 900కి దగ్గరగా సీట్లు, గంటకు 20 ట్రైన్లంటే 18,000. కూర్చుని వెళ్లేవాళ్ల లెక్కలో డబుల్ డెక్కరే గెలుస్తుంది, కొంచెం తేడాతో కూడా కాదు. ఊళ్లో పది నిమిషాల ప్రయాణానికి మెట్రో సరే, యాభై కిలోమీటర్ల అవతల ఇల్లు కొనుక్కున్నవాళ్లకి సీటే ప్రయాణం.

ఇంకోటి, మెట్లు మెట్లు అని అందరూ అంటున్నారు గానీ అది ప్లాట్‌ఫాం ఎత్తుని బట్టి ఉంటుంది. సిడ్నీలో ప్లాట్‌ఫాం ఎత్తు ఎక్కువ, కాబట్టి ఎక్కగానే మధ్య హాలు, ఎటు వెళ్లాలన్నా మెట్లు. జ్యూరిక్‌లో ప్లాట్‌ఫాం 55 సెంటీమీటర్లే, ఇప్పటి ట్రైన్లలో తలుపులు కింది అంతస్తు లెవెల్లోనే ఉంటాయి. వీల్‌చైర్, పిల్లల బండి, సైకిల్ నేరుగా లోపలికి. పైకి వెళ్లాలనుకున్నవాళ్లే మెట్లెక్కుతారు. మా అత్తయ్య వచ్చినప్పుడు ఒక్క మెట్టు ఎక్కకుండా ఊరంతా తిరిగింది.

చిన్న సవరణ కూడా. జ్యూరిక్‌లో 1990లో మొదలైనవి మీరు చెప్పిన అర్థంలో ఈఎంయూలు కావు, ఒక ఇంజిన్, మూడు డబుల్ డెక్ పెట్టెలు కలిపిన సెట్లు. అసలైన ఈఎంయూలు 2006లో వచ్చాయి, ఆ తర్వాత కిస్ వచ్చింది. కిస్ అనే పేరుకి జర్మన్‌లో విడమరిచిన అర్థంలో "చురుగ్గా పరుగందుకునే" అన్న మాట ఉంది, ఊరికే పెట్టలేదు. జ్యూరిక్ కిస్‌లు గరిష్ఠంగా 6,000 కిలోవాట్ల దాకా లాగుతాయి. తలుపు దగ్గర పోయిన సెకన్లని స్టేషన్ దాటగానే వేగం అందుకుని తిరిగి సంపాదించుకుంటాయి. కాల్‌ట్రెయిన్ కొన్నది కూడా కిస్‌లే. అన్ని స్టేషన్లలో ఆగే బండికి డీజిల్ రోజులతో పోలిస్తే దాదాపు పాతిక నిమిషాలు తగ్గింది, దారి అదే. డబుల్ డెక్కర్ అంటే బద్ధకంగా కదులుతుందన్నది పాత కాలపు మాట.

---

నీలిపట్టాలు

తెల్లవారుబండి గారూ, సీట్ల లెక్క నేను ఎప్పుడూ ఇలా వేసి చూడలేదు, ఒప్పుకుంటున్నాను. టల్లావాంగ్ నుంచి సిడెన్‌హామ్ దాకా యాభై కిలోమీటర్లకు పైనే, మొదట్లో ఎక్కేవాళ్లకి సీటు దొరుకుతుంది, మధ్యలో ఎక్కేవాళ్లు నిలబడాల్సిందే. కాకపోతే నాలుగు నిమిషాలకొకటి వస్తుందన్న ధీమా ఉందే, టైమ్ టేబుల్ చూడకుండా ఇంట్లోంచి బయల్దేరడం, దానికి కూడా విలువ ఉందండి. మా ఆవిడ ఇప్పుడు మెట్రోలోనే వెళ్తుంది, నేను పాత లైన్‌లో కూర్చుని పుస్తకం చదువుకుంటూ వెళ్తాను, మా ఇంట్లోనే రెండు పార్టీలు.

---

కిటికీసీటు

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. నా లెక్కలో తలుపులూ లేవు, మెట్లూ లేవు, ఎంతసేపు ప్రయాణం అన్నదీ లేదు.

ఆఖరి ప్రశ్న ఒకటి, చిన్నపిల్లాడి ప్రశ్న అనుకోకండి. వచ్చే ఏడాది సిడ్నీ వస్తున్నాను. పైన కూర్చోవాలా, కింద కూర్చోవాలా? పైన ఊగుతుందా?

---

నీలిపట్టాలు

మలుపుల్లో పైన కొంచెం ఎక్కువ ఊగుతుంది, కళ్లు తిరిగేంత కాదు. కింద ఊపు తక్కువ, చక్రాల చప్పుడు ఎక్కువ. అన్నిటికన్నా కుదుపు ఎక్కువ ఉండేది చక్రాల మీదున్న హాలు సీట్లలో.

రెండూ కూర్చోండి. వెళ్లేటప్పుడు కింద. స్టేషన్‌లో ఆగినప్పుడు ప్లాట్‌ఫాం నేల మీ కళ్ల ఎత్తులో ఉంటుంది, వరసగా బూట్లు, హీల్స్, స్కూలు పిల్లల సాక్సులు, ఒక కుక్క ముఖం, ఇవే కనిపిస్తాయి, మొదటిసారి చూసినప్పుడు నేను దిగాల్సిన స్టేషన్ కూడా పట్టించుకోలేదు. సీటు వెనక్కి తిరిగి ఉంటే కంగారు పడకండి, వీపు ఆనించే భాగాన్ని పట్టుకుని ముందుకి తోస్తే అటుపక్కకి వచ్చేస్తుంది, మీరు ట్రైన్ వెళ్లే దిక్కుకి తిరిగి కూర్చోవచ్చు, అందరూ అలాగే చేస్తారు.

వచ్చేటప్పుడు పైన. విన్‌యార్డ్ దాటి హార్బర్ బ్రిడ్జి ఎక్కే ట్రైన్ అయితే మిల్సన్స్ పాయింట్ దాకా వెళ్లండి, అక్కడ దిగి నీళ్ల దాకా నడవండి. సిటీ సర్కిల్ ట్రైన్ అయితే సర్క్యులర్ కీలో దిగండి, ఆ స్టేషన్ ఎత్తు మీద ఉంటుంది, ప్లాట్‌ఫాం మీద నుంచే హార్బర్ కనిపిస్తుంది. రద్దీ టైమ్ మాత్రం వద్దు, పదిన్నర తర్వాత రండి, పై అంతస్తు కిటికీ సీటు మీకు కచ్చితంగా దొరుకుతుంది. వచ్చే ముందు ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి, వీలైతే నేనూ వస్తాను.